గొర్రెల మంద ఆగిన చేను

"టీచర్ చెప్పింది నాయనమ్మా, కూరగాయల తొక్కలు గూడ మట్టి అయితయంట! కంటికి కనవడని జీవులు తింటయంట!"

"ఏంది, ఇయ్యాల తెలిసిందా? ఇన్నేండ్ల సంది డాబా మీద పగిలిన కుండల నేను తొక్కలేస్తుంటే ముక్కు మూసుకుంటివి. గప్పుడు నేను చెప్పింది చెవులకెక్కలేదా?"

"నువ్వు గట్ల చెప్పలే, ఊకె తిట్టినవ్. టీచర్ అయితే బొమ్మ గీసి చెప్పింది."

ఆరో తరగతి చదివే నా మనవరాలు శిరీష, బడికి గాజుసీసాలో మొక్క పెట్టి తీసుకుపోవాలని నర్సరీ నుంచి సంచెడు మట్టి కొనుక్కొచ్చింది. శంషాబాద్‌లో ఉండి మట్టి కొనడమా! కానీ నా ఒళ్లు మండింది అందుకు కాదు. టీచర్ మాట ఎత్తినప్పుడల్లా ఆ పిల్ల మొహం వెలుగుతుంది.

డాబా మీది నా కుండలోంచి వచ్చే ఆ తడి వాసనే నా చిన్నప్పుడు మా చేనుకుండేది. ఇప్పుడు విమానాలు దిగే వైపు ఉండేది ఆ చేను. కోతలయ్యాక గొర్రెల మంద వచ్చి జొన్న కొయ్యకాళ్లు మేసి, రాత్రి అక్కడే పడుకుని, పెంటికలు అక్కడే వదిలేది. వాటిని పేడపురుగులు ఉండలు చుట్టి మట్టిలోకి దింపేవి, ఆ పురుగుల కోసం తోక చీలిన నల్లపిట్టలు గొర్రెల వీపులెక్కి కాపు కాసేవి, తొలకరి పడగానే నేల అదంతా మింగి జొన్నగా లేపేది. గింజలు మాకు, చొప్ప ఎద్దులకు, కొయ్యకాళ్లు మళ్లీ గొర్రెలకు. రెండు తరగతులతో బడి మానేసిన నాకు దానికొక పేరుంటుందని తెలియదు.

మంద ఎవరి చేనులో ఆగితే వాళ్లే కాపరులకు అన్నం పెట్టాలి. పక్క చేను లచ్చమ్మ పెద్దమ్మ వేడివేడి జొన్నరొట్టెలు, ఎండుచేపల కూర పెట్టేది కాబట్టి మంద ఆమె దగ్గర వారం ఉండేది, మా దగ్గర రెండు రోజులే. ఆ కుళ్లు ఆపుకోలేక ఒక తెల్లవారుజామున లంగా ఒడి నిండా ఆమె చేను పెంటికలు ఎత్తుకొచ్చి, మా చేను మూలన కుప్ప పోశాను. మర్నాడూ పోశాను, ఆ తర్వాతా పోశాను.

"ఒక్క తావున పోస్తే మొలక మాడతది బిడ్డా, పలచగ చల్లు," అన్నాడు బాపు, మా నాన్న. వినలేదు. కుప్ప పెద్దదైతే పంట పెద్దదవుతుందనుకున్నాను. వానలకు చేనంతా మోకాలెత్తు లేచింది. ఆ మూల మాత్రం మొలకలు పసుపెక్కి మాడిపోయాయి.

లచ్చమ్మ పెద్దమ్మ చూసి పగలబడి నవ్వింది. "నా చేన్ల ఎత్తుకపోయి నీ చేను కాల్చుకుంటివా పోరీ! పిరికెడు పిరికెడు చల్లాలె. పురుగుకు గూడ చాతనైనంత పనే ఇయ్యాలె గద!"

ఆమె చెబితే తలకెక్కింది. బాపు చెప్పిందీ అదే. ఆ రోజు పక్కనే ఉన్న బాపు మొహం ఎందుకు చిన్నబోయిందో నాకిప్పుడు అర్థమైంది.

దొంగతనంతో సహా అంతా శిరీషకు చెప్పాను, ఆ చివరి మాట తప్ప.

"నువ్వు దొంగవా నాయనమ్మా!"

"నవ్వకు. పోయి సదువుకో."

మంద ఇప్పుడు రాదు, ఆగడానికి చేనూ లేదు. పేడపురుగును చూసి ఎన్నేళ్లయిందో.

మర్నాడు పొద్దున బడి బస్సు కోసం నిలబడ్డ శిరీష చేతిలో సీసా ఉంది. లోపలిది నా కుండలోని నల్లమట్టే. కరగని గుడ్డుపెంకు ముక్క ఒకటి తెల్లగా కనిపిస్తోంది. పైన అంటించిన చీటీని కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. తన పేరు, తరగతి, టీచర్ పేరు ఉన్నాయి. నాది లేదు. బస్సు కదిలాక, ముడి విప్పని ఆ మట్టి సంచిని చంకనెత్తుకుని వాపసు ఇవ్వడానికి నర్సరీకి నడిచాను.