ఒడ్డు ఇంట్లోనే నా కంప్యూటర్

మా ఇల్లు సముద్రానికి ఎంత దగ్గరంటే, కిటికీ ఊచలకు ఏటా రంగు వేసినా ఏటా తుప్పు పొక్కులు లేస్తాయి. భీమిలి దగ్గర చేపలు పట్టే పల్లె మాది. నేను రుషికొండలో ఒక ఆఫీసులో పనిచేస్తాను, ఇంటికొచ్చి కంప్యూటర్లో గేములు ఆడతాను. ఈ వయసులో ఆడదానికి గేములేమిటని అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పాను: ఆడుకోవడానికి.

నా పాత కంప్యూటర్‌ను ఉప్పుగాలి చంపలేకపోయింది. నాన్న చంపాడు. పడవ ఒడ్డుకు రాగానే ఇంజన్‌ను మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఇనుము కనిపించిన చోటల్లా ఆయిల్ గుడ్డతో తుడవడం ఆయన అలవాటు. అది అయ్యేదాకా అన్నం ముట్టడు. ఒకరోజు నేను ఆఫీసులో ఉండగా కంప్యూటర్ పక్క రేకు విప్పి చూశాడట. లోపల మరలు తుప్పుపట్టి ఉన్నాయి. చూస్తూ ఊరుకోలేకపోయాడు. అదే గుడ్డతో లోపలంతా, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లతో సహా, పద్ధతిగా తుడిచిపెట్టాడు. ఆ నూనెకు ఇసుకా దుమ్మూ అంటుకుని ముద్దకట్టాయి. ఫ్యాన్లు తిరగడం మానేశాయి, కార్డు మాడిపోయింది.

నాకు ఒళ్లు మండింది. కానీ ఆ మంట నాకూ నాన్నకూ మధ్య సంగతి. ఊళ్లోవాళ్లు నవ్వుకోవడానికి కాదు.

గోపాలపట్నంలో ఉండే మా బావ, అంటే అక్క మొగుడు, మాత్రం కడుపుబ్బ నవ్వాడు. నేను కొత్తది కొంటున్నానని తెలిసి, పిలవకుండానే డాబాగార్డెన్స్‌లో షాపు దగ్గరికి వచ్చేశాడు.

"కొన్నాక మా ఇంట్లో ఎట్టుకో మరదలా. ఆదారం ఆదారం వచ్చి ఆడుకుందువు. ఆ ఒడ్డున ఎడితే సంద్రం గాలి తినేత్తాది. గాలి ఒగ్గేసినా మీ నాన్న నూనె ఉండనే ఉంది" అన్నాడు.

నా కంప్యూటర్ నా ఇంట్లో ఉండకూడదట! ఆ మాటతోనే నాకు పంతం పట్టుకుంది.

షాపాయన నన్ను దాటి బావను చూసి, "బాబుకా సార్?" అన్నాడు. నాకే అన్నాను. అప్పుడు నావైపు తిరిగి ఒక క్యాబినెట్ ముందుకు జరిపాడు. రెండు పక్కలా అద్దం, చుట్టూ ఫ్యాన్లు, ఒక్కో ఫ్యాన్‌లో ఒక్కో రంగు లైటు. పెళ్లిమంటపంలా ఉంది. బావ కళ్లు అక్కడే అతుక్కుపోయాయి.

"ఇది వద్దండి. గాలి పీల్చే చోట దుమ్మును ఆపే జాలీ లేదు" అన్నాను.

"గేమింగ్ అంటే అందరూ ఇదే తీసుకుంటారు మేడమ్."

"అందరూ మా ఇంట్లో ఉండరు కదండీ."

బావ ఊరుకుంటే బావ ఎందుకవుతాడు? నూనె కథంతా షాపాయనకు పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆయన నవ్వాపుకోలేక, "అయితే ఆ ఇంట్లో గేమింగ్ పీసీ ఎందుకు మేడమ్, ఫోన్లో ఆడుకోండి" అన్నాడు.

"ఆ నూనెగుడ్డతోనే అక్కనీ నన్నూ సదివించాడు బావా. ఆ ఇంజన్ ఇప్పటికీ ఒక్క లాగుడికి అంటుకుంటాది. నీ బండి అంటుకుంటాదా?" అన్నాను. బావ బండి పొద్దున్నే వీధంతా తోస్తేగానీ కదలదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఇక నేనే ఎంచుకున్నాను. వేడి తగ్గితే ఫ్యాన్లు తక్కువ గాలి పీలుస్తాయి, గాలి తగ్గితే ఉప్పూ తగ్గుతుంది. అందుకే అన్నిటికన్నా పెద్ద గ్రాఫిక్స్ కార్డు వదిలేసి, తక్కువ కరెంటుతో చల్లగా నడిచేది తీసుకున్నాను. ప్రాసెసర్ కూడా అలాంటిదే. అద్దం లేని నల్ల క్యాబినెట్. ముందు, కింద, ఊడదీసి కడుక్కునే జాలీలు. లైట్లు ఒక్కటీ లేవు. షాపాయన మొహం చిన్నబోయింది. నాకు మాత్రం గొప్ప ఆనందమేసింది.

ఇంటికి తెచ్చి బిగిస్తుంటే నాన్న గుమ్మం అవతలే నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని.

"నాను ముట్టుకోన్లే గుంటా" అన్నాడు.

షాపులో పడ్డ మాటలకన్నా నన్ను ఇదే ఎక్కువ బాధపెట్టింది. ముందు జాలీ ఊడదీసి ఆయన చేతిలో పెట్టాను.

"దీన్ని వారం వారం మంచినీల్లతో కడగాల నాన్నా. బాగా ఆరాకే మల్లీ ఎట్టాల. ఈ పని నీదే."

"మరి నూనో?"

"నూనె వద్దు."

ఆయన జాలీని వెలుతురుకెత్తి, వల కన్నాలు చూసినట్టు ఆ మూల నుంచి ఈ మూలదాకా చూశాడు. తర్వాత బకెట్ కోసం వెళ్లాడు. కొత్త జాలీ, ఇంకా దుమ్మే పడలేదు. అయినా నేను ఆపలేదు.

మొన్న ఆదివారం బావ వచ్చాడు. నేను లోపల కూర్చుని ఉన్నాను. వాకిట్లో వలల పక్కన దండెం మీద ఆరుతున్న జాలీని చూసి, "ఏటి మావా ఇది?" అంటూ చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు అల్లుడూ" అన్నాడు నాన్న. "నీకు తెల్దు. మా గుంట కంప్యూటర్ది."