ఆమె మీద పడిన నా జబ్బు

నేను హైస్కూల్లో నేచురల్ సైన్సు చెప్పేవాణ్ణి. పదో తరగతి పుస్తకంలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి, "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేసేవాణ్ణి. ఆ రోజుల్లో మాస్టార్లు చాలామంది అదే చేసేవారు. పిల్లలు ఎలాగో నేర్చుకునే ఉంటారు. నా ఇంట్లో నేను దాటేసిన విషయం మాత్రం ఇంకొకరు మోయవలసి వచ్చింది.

మా ఊరు రాజోలుకు దగ్గర. నాన్న చిన్నప్పుడే పోయారు. అమ్మ నాతోనే ఉండేది. నా భార్య పక్క ఊరి ఎలిమెంటరీ స్కూల్లో రెండో తరగతి టీచరు. పెళ్లయినప్పుడు నాకు ఇరవై ఏడు, ఆమెకు ఇరవై రెండు. మొదటి రెండేళ్లూ బాగా గడిచాయి. శనివారాలు బస్సెక్కి అమలాపురం వెళ్లి మ్యాట్నీ చూసి, ఆమెకు కావలసిన రంగు దారాలు కొనుక్కుని చీకటిపడే లోపల ఇంటికి చేరేవాళ్లం. పిల్లలు అప్పుడే వద్దన్నది నేనే. ప్రైవేటుగా డిగ్రీ కట్టు, అది అయ్యాక చూద్దామన్నాను. ఆమె సరేనంది.

మూడో ఏడు వేసవిలో నాకు దాహం పట్టుకుంది. కొబ్బరిబొండాలు రోజుకు నాలుగైదు తాగినా తీరేది కాదు. చొక్కాలు వదులైపోయాయి. దొడ్లో నేను ఒంటికి వెళ్లిన చోట చీమలు బారులు కట్టడం ముందు అమ్మే చూసింది. రాజోలులో డాక్టరుగారు షుగరన్నారు. నాకు అప్పటికి ఇంకా ముప్పై నిండలేదు. స్కూలు లాబరేటరీలో నీలం మందు ఉండేది. అందులో నాలుగు చుక్కల మూత్రం వేసి స్పిరిటు దీపం మీద కాచాను. ఇటుక రంగు వచ్చింది, అంటే చక్కెర బాగా పోతోందన్నమాట. గొట్టం కడిగేసి బల్ల మీద పెట్టేశాను. మాత్రలు రాసిచ్చారు. గుర్తున్న రోజున వేసుకునేవాణ్ణి. అన్నం మానమన్నారు. మానలేదు.

ఏడాది తిరిగేసరికి మరో సంగతి మొదలైంది. భార్య దగ్గరకు వెళితే ఒళ్లు నా మాట వినడం మానేసింది. మొదట్లో నీరసమనుకున్నాను. తర్వాత భయం వేసింది. అది షుగరు వల్ల వస్తుందని నాకు తెలియదు. తెలుసుకోవాలని ఎవరినీ అడగలేదు కూడా. అడిగితే నేను మగవాణ్ణి కానని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టవుతుందని అనిపించేది. పరీక్ష పేపర్లు దిద్దుకోవాలని చెప్పి మంచం వసారాలోకి మార్చాను. పరీక్షలు అయిపోయినా అది లోపలికి రాలేదు.

ఒక ఆదివారం ఆమె కొత్తగా కుట్టించుకున్న జాకెట్టు వేసుకుని నా ముందు నిలబడింది.

"నాలో ఏవన్నా నచ్చటం లేదాండీ? చెప్తే మార్చుకుంటాను."

"పిచ్చి ప్రశ్నలు వెయ్యకు. ప్రార్థనకి టైమవుతోంది," అన్నాను.

ఆమె ఇక ఎప్పుడూ అడగలేదు. ఆ జాకెట్టు కూడా మళ్లీ వేసుకోలేదు. నేను విసుక్కోవడం అలవాటు చేసుకున్నాను. విసుక్కుంటే దగ్గరకు రాదు, రాకపోతే నా సంగతి బయటపడదు. ఆ పని తెలిసే చేశాను.

పెళ్లయి అయిదేళ్లు దాటాక అమ్మ ఊరుకోలేదు. చర్చిలో స్త్రీల కూడికలో కోడలి కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టించింది. నలుగురు ఆడవాళ్లు ఆమె తల మీద చేతులుంచి గర్భఫలం ఇమ్మని కన్నీళ్లతో అడుగుతుంటే, నేను వెనక బెంచీలో తల వంచుకుని కూర్చున్నాను. ఆమేన్ కూడా అన్నాను.

ఆ తర్వాత అమ్మ ఆమెను అమలాపురంలో ఒక లేడీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లమంది. ముగ్గురం వెళ్లాం. ఆవిడ నెమ్మదస్తురాలు. అమ్మను బయట కూర్చోబెట్టి మా ఇద్దరినీ లోపలికి పిలిచింది. నెలసరి సంగతులన్నీ అడిగి రాసుకుంది. తర్వాత పెన్ను ఆపి అడిగింది.

"మాస్టారూ, మీరిద్దరూ కలిసే ఉంటున్నారు కదండీ? కాపరం సరిగ్గానే ఉందా?"

నేను గోడ మీద క్యాలెండరు వైపు చూశాను.

"ఆయ్, ఉందండీ," అంది నా భార్య.

డాక్టరు రాసుకుంది. ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఆవిడ చేయవలసినవి చేసింది. తప్పు ఆవిడది కాదు. మొదట ఏవో మాత్రలు, తర్వాత గర్భసంచి శుభ్రం చేసే డీఎన్సీ. మత్తు దిగుతుండగా నా భార్య వణికిపోతూ దుప్పటి అడిగింది. నా పరీక్షకు కూడా ఒక చీటీ రాసిచ్చారు. ఆ చీటీని చొక్కా జేబులోనే ఉంచి చాకలికి వేసేశాను. నా పరీక్ష ఏమైందని అమ్మ అడిగితే నేను జవాబు వెతుక్కునేలోపు నా భార్యే అందుకుంది.

"ఆయనకి బాగానే ఉందంటండీ అత్తయ్యగారూ."

ఆ రోజుతో ఇంట్లో లోపం ఎవరిదో తేలిపోయింది.

ఆరునెలల తర్వాత కాకినాడలో ఎక్స్‌రే తీయించమన్నారు. గర్భసంచిలోకి మందు ఎక్కించి, గొట్టాలు తెరుచుకున్నాయో లేదో చూస్తారు. నేను వరండాలో కూర్చుంటే లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది. పళ్లు బిగబట్టినా ఆగని మూలుగు. లేచి తలుపు తోసి, ఆపండి, ఈమెకేం లేదు, అనవలసింది. లేచాను కూడా. కంపౌండరు, "కూర్చోండి మాస్టారూ, అయిపోతుంది," అన్నాడు. కూర్చున్నాను.

తిరిగి వస్తూ యానాం దగ్గర రేవు దాటించే పంటు ఎక్కాం. గోదావరి దాటుతున్నంతసేపూ ఆమె కడుపు మీద చెయ్యి పెట్టుకుని, సామాన్ల మధ్య గోనెబస్తా మీద కూర్చుంది. నేను గొడుగు పట్టాను. గొట్టాలు రెండూ బాగున్నాయని కాగితంలో రాసి ఉంది.

"బాగున్నాయట," అన్నాను.

"బాగుంటాయని తెలుసండీ," అంది. "ఇంక నన్ను ఎక్కడికీ తీసుకెళ్లకండి," అంది.

అవతలి రేవు వచ్చేదాకా ఆమె నీళ్ల వైపే చూసింది, నేను గొడుగు కర్ర వైపు.

ఎనభైల మొదట్లో నా కాలికి పుండు లేచి మానలేదు. అమలాపురంలో కొత్తగా వచ్చిన ఒక డాక్టరుగారి దగ్గరకు వెళ్లాను. నాకంటే చిన్నవాడు. పుండు కట్టాక అరికాలి మీద సూదితో తాకుతూ తెలుస్తోందా అని అడిగాడు. సగం చోట్ల తెలియడం లేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, వాతావరణం గురించి అడిగినంత మామూలుగా అడిగాడు.

"భార్యతో కలవటంలో ఇబ్బంది ఏవన్నా ఉందాండీ?"

ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన ప్రశ్నలా నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉందన్నాను. ఎన్నేళ్ల నుంచని అడిగాడు. ఏడేళ్లన్నాను.

"షుగరు నరాల్నీ, రక్తనాళాల్నీ తింటుందండీ. కాలికి స్పర్శ పోయినట్టే అది కూడా. మగవాళ్లలో చాలామందికి వస్తుంది. వాళ్లూ చెప్పరు, మేమూ అడగం. భార్యగారికి చెప్పేరా?"

"లేదండీ."

"ఇవాళ చెప్పండి. మందు సంగతి తర్వాత."

ఇంటికి వచ్చేసరికి ఆమె వసారాలో కూర్చుని బడి రిజిస్టరుకు అట్ట వేస్తోంది. అమ్మ చుట్టాలింటికి వెళ్లింది. నేను నిలబడే చెప్పాను. డాక్టరు చెప్పిన మాటలే వరసగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. ఆమె చేతిలోని జిగురు పుల్ల పక్కన పెట్టింది.

"అయితే నేనంటే ఇష్టం లేక కాదా?"

నా లోపం ఆమెకు తెలిసే నన్ను కాపాడుతోందని ఇన్నాళ్లూ ఏ మూలో అనుకున్నాను. ఆమెకు ఏమీ తెలియదు. భర్తకు తనంటే వెగటనుకుని, ఆ సంగతి పైవాళ్లకు తెలియకూడదని డాక్టరు ముందు అబద్ధమాడింది.

ఆమె లోపలికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది.

"ఆ రోజు లేడీ డాక్టరుగారు అడిగినప్పుడు మీరేవన్నా అంటారేమోనని ఆగేను. మీరు క్యాలెండరు చూస్తున్నారు. అందుకని నేనే చెప్పేను."

"తప్పయిపోయింది," అన్నాను.

"ఆయ్," అంది. తప్పు కాదనలేదు. ఆ తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు మంచం లోపలికి తెచ్చుకోమంది.

మాత్రలు వేళకు వేసుకున్నాను, అన్నం తగ్గించాను. పుండు మానింది. పోయింది మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. దగ్గరగా పడుకోవచ్చు, చెయ్యి పట్టుకోవచ్చు, నవ్వుకోవచ్చు. ఇవి కూడా ఏడేళ్లు ఆమెకు లేకుండా చేశాను. వాటికి ఏ జబ్బూ అడ్డు కాదు. పిల్లలు కలగలేదు. పెంచుకుందామా అని అడిగాను. బళ్లో నలభైమంది ఉన్నారంది.

"అత్తయ్యగారికి మీరే చెప్పండి," అని ఒకటికి రెండుసార్లు అంది. సరేనన్నాను. క్రిస్మస్ వెళ్లాక అన్నాను, వేసవి సెలవుల్లో అన్నాను. ఈలోగా అమ్మకు పక్షవాతం వచ్చింది. మనిషిని గుర్తుపట్టని స్థితిలో మంచం పట్టింది. ఏడాది పొడుగునా ఎత్తి పక్కకు తిప్పి, ఒళ్లు తుడిచింది నా భార్యే. నేను మంచం దగ్గర కూర్చుని, అమ్మా, లోపం నాదేనని ఒకసారి చెప్పాను. అమ్మ నా వైపు చూసింది. ఏం అర్థమైందో తెలియదు.

అమ్మ పోయాక ఆదరణ కూడికలో మా పెద్దమ్మ అందరి ముందూ నా భార్య వైపు చూస్తూ, "మనవణ్ణి చూడకుండానే పోయింది, పాపం," అంది. అప్పుడు లేచాను.

"పెద్దమ్మా, ఈమెలో ఏ లోపమూ లేదు. నాకు షుగరు వల్ల వచ్చిన లోపం. ముందే చెప్పవలసింది, చెప్పలేకపోయేను."

మా పెద్దమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఎంత మంచివాడివిరా. పెళ్లాం మీద మాట పడకూడదని నీ మీద వేసుకుంటున్నావు."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. అలాంటి భర్త దొరకటం అదృష్టమని ఒకావిడ నా భార్యతో అంది. కాదండీ, నిజమేనని నేను మళ్లీ చెప్పాను. చెప్పేకొద్దీ వాళ్ల కళ్లలో నేను ఇంకా మంచివాణ్ణి అవుతున్నాను.

నా భార్య టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా వింది. అందరికీ టీ ఇచ్చి, చివరికి పంచదార లేకుండా విడిగా కలిపిన గ్లాసు తెచ్చి నా చేతికిచ్చింది.