శనివారం కనపడని అభ్యర్థి

మా పక్కింటావిడ పోయారు. మంగళవారం పొద్దున్నే ఆవిడ పెద్ద కూతురు కంచె దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, అమ్మ వెళ్ళిపోయింది" అని చెప్పింది. మా అమ్మాయి కూతురు నన్ను పిలవగా విని, ఆ ఇంట్లోవాళ్ళు అదే నా పేరనుకున్నారు. తల్లీ పిల్లలూ అందరూ నన్ను అమ్మమ్మా అనే పిలుస్తారు. నేనెప్పుడూ దిద్దలేదు.

మేముండేది మెల్బోర్న్‌లో. మా వీధిలో సగం ఇళ్ళు ఆచారం పాటించే యూదులవి. వాళ్ళు శవాన్ని ఎక్కువసేపు ఉంచరు. బుధవారమే ఖననం జరిగింది. గురువారం వాళ్ళ వారపత్రికలో నాలుగు వాక్యాలు వేశారు. మంచి భార్య, మంచి తల్లి, ఆమె చేతి వంట అమృతం, ఆమె లోటు తీరనిది. ఫొటో లేదు. ఆ పత్రికలో ఆడవాళ్ళ ఫొటోలు వెయ్యరు.

వంట సంగతి నాకు తెలుసు. శుక్రవారం చేసే రొట్టె తప్ప ఆవిడకి ఏదీ సరిగ్గా కుదిరేది కాదు. ఆ మాట ఆవిడే నవ్వుతూ ఒప్పుకునేవారు. ఆవిడ రాష్ట్ర పార్లమెంటుకు, అంటే మన శాసనసభ లాంటిదానికి, పోటీ చేశారన్న సంగతి మాత్రం ఆ నాలుగు వాక్యాల్లో ఎక్కడా లేదు. నేను ఉద్యోగమంతా ఆడిట్ ఆఫీసులో చేసినదాన్ని. తప్పు లెక్క కంటపడితే ఎర్ర సిరా పెట్టకుండా ఉండలేను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ ఆడపిల్లల బడిలో చిన్న తరగతుల టీచరు. పెళ్ళయిన ఆడవాళ్ళు జుట్టు కనపడనివ్వకూడదని వాళ్ళ నియమం. ఆవిడ విగ్గు పెట్టుకునేవారు, మోచేతులు దాటిన చొక్కా, చీలమండల దాకా స్కర్టు వేసుకునేవారు. మా ఇంటికి వస్తే ఏమీ తినేవారు కాదు. గాజు గ్లాసులో మంచినీళ్ళు మాత్రం తాగేవారు. మా అమ్మ మడి చూసి పెరిగిన నాకు అందులో వింతేమీ కనపడలేదు. తినకపోయినా వంటింట్లోకి వచ్చి నేను తోటకూర బాగుచేస్తుంటే కళ్ళద్దాలు పైకి తోసి, ఆకు ఆకూ వెలుతురుకి పట్టి చూసేవారు. పురుగు తినడం వాళ్ళకి మహా దోషం. "మీరు దీన్ని రెండుసార్లు కడుగుతారు, బాగుంది. మూడోసారి కూడా కడగండి" అనేవారు. నాకు నచ్చిన మనిషి అని ఆ మాట మొదటిసారి విన్న రోజే అనుకున్నాను.

ఆవిడ ఎన్నికల దాకా ఎందుకు వెళ్ళారో చెప్పాలి. దానికి కారణం ఒక చిన్నపిల్ల.

ఆ పిల్ల తల్లి మా పక్కింటావిడ దగ్గర చదువుకున్న అమ్మాయే. మొగుడితో విడిపోయింది. కోర్టు విడాకులిచ్చింది. కానీ వాళ్ళ మతం ప్రకారం విడాకుల పత్రం మొగుడు తన చేత్తో ఇస్తేనే పెళ్ళి తెగినట్టు. అతను ఇవ్వడు. అక్కడితో ఆగలేదు. పిల్లకి అక్షరాలు కుదురుగా నిలవవు, చదవలేదు. తరగతిలో పక్కన కూర్చుని సాయం చేసే టీచరు కావాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకోవాలన్నారు. "ఇల్లు నా పేరున రాస్తే విడాకులకీ ఒప్పుకుంటా, టీచరుకీ ఒప్పుకుంటా" అన్నాడు ఆ మహానుభావుడు. పిల్ల తరగతి వెనక బల్ల మీద కూర్చుని బొమ్మలకి రంగులు వేస్తోంది. తోటిపిల్లలు కథలు చదువుతున్నారు.

సాయం టీచరుకి తల్లి ఒక్కర్తి మాట చాలాలి, విడాకులు ఆపి పీడించడాన్ని చట్టం నేరంగా చూడాలి. ఆవిడ అడిగింది ఈ రెండే. మొదట వాళ్ళ సంఘం అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళారు. మంత్రుల్ని కలిసేదీ, ఫొటోలు దిగేదీ ఆయనే. ఆవిడ వెంట నేనూ వెళ్ళాను. ఆయన మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి, మా ఇద్దరి తలల మధ్యనున్న గోడతో మాట్లాడాడు.

"ఇవన్నీ సున్నితమైన విషయాలమ్మా. మీరు మీవారికి చెప్పండి. ఆయన మాకు చెప్తారు. మేం సమయం చూసి మంత్రిగారి చెవిన వేస్తాం."

"మూడు నోళ్ళు దాటేసరికి నా మాట ఏమవుతుందో మీకు తెలుసా?" అన్నారు ఆవిడ.

"మా మీద నమ్మకం లేదా?"

"పోయినసారి బడిలో టీచర్లు కావాలని చెప్పి పంపాం. మీరు ప్రార్థనామందిరం ముందు కార్లు ఆపుకునే చోటు తెచ్చారు."

ఆయన ముఖం కందగడ్డ అయింది. "ఆడవాళ్ళు రాజకీయాల్లోకి రావడం మన పద్ధతి కాదు" అన్నాడు. ఆవిడ అప్పటికే వాళ్ళ మతగురువు రబ్బీగారిని అడిగి ఉన్నారు. ఆయన అభ్యంతరం లేదన్నారు. అదే చెబితే, ఈయన కాసేపు దగ్గి, టీ తీసుకుంటారా అన్నాడు. వాళ్ళ మతం ఆవిడకి ఎప్పుడూ అడ్డు రాలేదు. మతం వెనక దాక్కున్న ఇలాంటి మగవాళ్ళే అడ్డం వచ్చారు. ఈ రకం మనుషులు నాకు కొత్త కాదు. మన తెలుగు సంఘాల్లో వీళ్ళు పట్టుపంచె కట్టుకుని తిరుగుతారు, అంతే తేడా.

తర్వాత ఒక పెద్ద పార్టీ తలుపు తట్టారు. ఆ పార్టీ కార్యదర్శి చెయ్యి చాపుతూ వచ్చాడు. ఆచారం పాటించే యూదు ఆడవాళ్ళు పరాయి మగవాడికి చెయ్యి కలపరు. ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచారు. నేను నమస్కారం పెట్టాను. అతను చాపిన చేతిని ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. వైవిధ్యం మీద పుస్తకాలు అచ్చువేసి పంచే పార్టీ అది. అభ్యర్థుల ఎంపిక శుక్రవారం సాయంత్రం, బీర్లు తాగే చోట అన్నాడు.

"శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడే దాకా మాకు సబ్బాతు. పని చెయ్యం, కారెక్కం, ఫోను ముట్టం. గురువారం పెట్టగలరా?"

"ఈ ఒక్కసారికీ సర్దుకోలేరా?"

"ఈ ఒక్కసారికీ సర్దుకునే మనిషి రేపు పార్లమెంటులో ఇంకెన్నిటికి సర్దుకుంటుందో ఆలోచించండి" అని ఆవిడ లేచి వచ్చేశారు. దారిలో నాతో అన్నారు: "అమ్మమ్మా, నా తరఫున మాట్లాడే మగవాడు నా బాధ సగం చెప్తాడు. మిగతా సగం చోటులో తన గొప్ప పెడతాడు. నా నోరు నేనే తీసుకెళ్ళాలి."

ఏ పార్టీ లేకుండానే నిలబడ్డారు. వాళ్ళ వారపత్రికవాళ్ళు ప్రకటనకి డబ్బు పుచ్చుకుని, ఆవిడ ముఖం బదులు ఒక ఇంటి బొమ్మ వేశారు. ఇల్లు అమ్మకానికి ఉందనుకుని ఇద్దరు ఫోను కూడా చేశారు. ఆవిడ పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఈ దేశంలో పోలింగు శనివారమే. అభ్యర్థి ఓటు ముందే వేసేసి వచ్చింది. తన ఎన్నిక రోజున మాత్రం పోలింగ్ బూత్ దగ్గర నిలబడి, ఎవరికి ఓటెయ్యాలో చెప్పే కార్డులు పంచే వీల్లేదు. వాళ్ళ ఆడవాళ్ళెవరికీ వీల్లేదు. "నేను పంచుతాను" అన్నాను. మా అబ్బాయి, "అమ్మా, నీకెందుకమ్మా ఈ పాలిటిక్స్? మోకాళ్ళు ఎలా ఉన్నాయో చూసుకో" అన్నాడు. చూసుకున్నాను. బాగానే ఉన్నాయి.

పోలింగు జరిగే బడి గేటు దగ్గర, ఇక్కడి రివాజు ప్రకారం, ఒక పక్క మాంసం సాసేజీలు కాలుస్తున్నారు. మడిచే కుర్చీ వేసుకుని, చీర మీద టోపీ పెట్టుకుని కూర్చున్నాను. మా మనవరాలు పక్కన నిలబడి, "వోట్ వన్ ఫర్ మై నైబర్, ప్లీజ్" అని అరుస్తోంది. ఇక్కడ నచ్చిన అభ్యర్థి పేరు పక్కన ఒకటి అంకె వెయ్యాలి. పెద్ద పార్టీ కుర్రాళ్ళు రంగు చొక్కాల్లో వచ్చి, "మీ క్యాండిడేట్ ఏదీ, నిద్రపోతోందా?" అన్నారు. "ప్రార్థన చేస్తోంది. మీ క్యాండిడేట్ ఏం చేస్తున్నాడు?" అన్నాను. అతను అప్పుడు కెమెరా ముందు సాసేజీ కొరుకుతున్నాడు. మొదటిసారి సరిగ్గా రాలేదేమో, ఇంకోసారి కొరికాడు.

మన తెలుగు పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. ఊళ్ళో ఏ పండక్కయినా మైకు ఆయనదే.

"ఏంటాంటీ, మీరిక్కడ? ఆవిడ మన క్యాండిడేట్ కాదు కదా!"

"మన క్యాండిడేట్ ఎవరు నాయనా?"

"అదేంటాంటీ, ఆ సాసేజీ ఆయనే. మన కమ్యూనిటీకి ఎంత సపోర్టు! లాస్ట్ ఇయర్ దీపావళికి వచ్చి దీపం వెలిగించారు కదా."

"మీ ఆవిడ ఒత్తి చేసి, నూనె పోసి, కుంది తుడిచి పెడితే, ఆయన అగ్గిపుల్ల గీశాడు. అదేనా సపోర్టు?"

"మీతో కష్టం ఆంటీ" అంటూ నవ్వాడు. కార్డు మాత్రం తీసుకోలేదు. ఆయన వెనక వస్తున్న ఆయన భార్య తీసుకుంది. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

సాయంత్రం టీవీలో ఫలితం వచ్చేసింది. సాసేజీ ఆయన గెలిచాడు. పక్కింట్లో మాత్రం సబ్బాతు నడుస్తోంది. పాటలు వినపడుతున్నాయి. ఓడిపోయిన సంగతి ఊరందరికీ తెలుసు, ఓడిన మనిషికి తెలియదు. వేసవి ముంగిట రోజులు, పొద్దు ఎంతకీ గుంకలేదు. ఆకాశంలో మూడు చుక్కలు కనపడి సబ్బాతు ముగిశాక ఆవిడ కంచె దగ్గరికి వచ్చారు.

"ఇప్పుడు చెప్పండి."

"ఓడిపోయారు."

"చాలా తేడాతోనా?"

"చాలా."

కంచె పట్టుకుని, "ఆ పాప సోమవారం మళ్ళీ వెనక బల్ల మీదే కూర్చుంటుంది" అన్నారు. అంతే. తన ఓటమి గురించి ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఒక్క మాట అనలేదు. గెలిచినాయనకి ఉత్తరాలు రాశారు. జబ్బు చేసి, విగ్గు కింద నిజంగానే జుట్టు లేకుండా పోయాక కూడా, ఆయన ఆఫీసుకి ఫోను చేసి, "ఆ పాప సంగతి ఎంతవరకు వచ్చింది?" అని అడిగేవారు. చూస్తున్నామని చెప్పేవాళ్ళు. ఏం చూస్తున్నారో ఆ దేవుడికే తెలియాలి.

ఖననం తర్వాత ఆ ఇంటివాళ్ళు ఏడు రోజులు గడప దాటరు. అద్దాలకి గుడ్డలు కప్పి, పొట్టి పీటల మీద కూర్చుంటారు. వచ్చినవాళ్ళు, ఇంటివాళ్ళు పలకరించే దాకా నోరు తెరవకూడదు. ఎంత మంచి పద్ధతి! నేను ఒక పక్క కూర్చుని ఉండగా గెలిచినాయన వచ్చాడు. చావింటికి పూలు తేవడం వాళ్ళలో లేదు. ఈయన ప్లాస్టిక్ కాగితం గరగరలాడుతున్న పెద్ద గుత్తి తెచ్చాడు. ఎవరూ పలకరించకముందే మొదలుపెట్టాడు: "ఎంత గొప్ప మహిళ! ఈ ప్రాంతపు స్త్రీల గొంతు ఆమె." ఆ గొంతు ఫోను చేసినప్పుడల్లా ఈయన మీటింగులో ఉండేవాడు. ఆయన వెనకే సంఘం అధ్యక్షుడు తల ఊపుతూ, "ఆమె ప్రారంభించిన పని మా కమిటీ కొనసాగిస్తుంది" అన్నాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ పాప తల్లి అడిగింది. "మంత్రిగారిని ఎప్పుడు కలుస్తారు? నేనూ వస్తాను."

"నువ్వెందుకమ్మా? మేం చూసుకుంటాం కదా."

"మా అమ్మాయి పేరేమిటో చెప్పండి చూద్దాం."

అధ్యక్షుడు గెలిచినాయన వైపు చూశాడు. గెలిచినాయన పూలగుత్తి వైపు చూసుకున్నాడు. పెద్ద కూతురు లేచి వచ్చి, ఆ గుత్తిని మర్యాదగా అందుకుని, బయట చెత్తబుట్ట పక్కన పెట్టి వచ్చి మళ్ళీ పీట మీద కూర్చుంది.

ఏడో రోజు పొద్దున్న వాళ్ళలో ఒక ఆచారం ఉంది. దుఃఖంలో ఉన్నవాళ్ళు పీటల మీంచి లేచి, బయటికొచ్చి, చుట్టుపక్కల వీధుల్లో ఒక చుట్టు నడిచి ఇంటికి వస్తారు. ఇక మళ్ళీ లోకంలో పడాలని అర్థం. మంగళవారం ఆవిడ భర్త, పిల్లలు, ఆ పాప తల్లి, ఆవిడ దగ్గర చదువుకున్న ఆడవాళ్ళు నడిచారు. చీర మీద స్వెట్టరు, కాళ్ళకి బూట్లు వేసుకుని నేనూ నడిచాను. ఇంటివైపు తిరగాల్సిన మలుపు దగ్గర పాప తల్లి తిరగలేదు. తిన్నగా ట్రాము వెళ్ళే పెద్ద రోడ్డు వైపు నడిచింది. గెలిచినాయన ఆఫీసు ఆ రోడ్డు మీదే. పెద్ద కూతురు తండ్రి ముఖం చూసింది. ఆయన తల ఊపి, కొడుకుల్ని తీసుకుని ఇంటికి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళం ఆమె వెనక నడిచాం.

ఆఫీసు ఇంకా తెరవలేదు. అద్దం తలుపు మీద ఆయన ఫొటో, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ నిలువెత్తున ఉంది. అక్కడ పనిచేసే అమ్మాయి కాఫీ కప్పుతో లోపలి నుంచి తలుపు దగ్గరికి వచ్చి, విగ్గులూ పొడుగు స్కర్టులూ ఒక ముసలమ్మా కాలిబాట నిండా నిలబడి ఉండటం చూసి, తాళం చెవి పట్టుకుని ఆగిపోయింది. పాప తల్లి అద్దం మీద వేలితో మెల్లగా తట్టింది.