డీజిల్ బండిలో బావ గొంతు

మా బావ స్వరపేటిక తీసేయాలని డాక్టర్లు చెప్పిన నెలలోనే నేను కారును కోరుట్ల మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. రెంటికీ పొంతన లేదనిపిస్తుంది. నాకు మాత్రం అది ఒకటే పని.

బావ అంటే మా అక్క భర్త. సిరిసిల్లలో మీసాలు రాకముందు నుంచే సాంచాల మీద పనిచేసిన మనిషి. మరమగ్గాలను అక్కడ సాంచాలనే అంటారు. గొంతులో పుండు లేచింది. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించాక తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. స్వరపేటిక తీయకపోతే కొన్నాళ్లకు ఊపిరాడదని, తీస్తే ఇక మాట ఉండదని కరీంనగర్ దవాఖానలో పెద్ద డాక్టర్ చెప్పాడు. మనిషి ఒప్పుకుంటేనే కత్తి పడతానన్నాడు. ఆ ఒప్పుకోవడం దగ్గరే నాకు అనుమానం పట్టుకుంది.

జగిత్యాల నుంచి సిరిసిల్ల పోయి, అక్కాబావలిద్దరినీ ఎక్కించుకుని, వేములవాడ మీదుగా కరీంనగర్ చేరడం అప్పటికి నాకు అలవాటైపోయింది. నా కారు డీజిల్‌ది. విలేకరిగా మండలాలు తిరిగిన రోజుల్లో కొన్నది. మా గల్లీలో పిల్లలు దాన్ని ట్రాక్టర్ అనేవాళ్లు. ఒక్కడినే తిరిగినన్నాళ్లు ఆ మోత నన్నేమీ చేయలేదు. వెనక సీట్లో బావ, ఆయన పక్కన అక్క కూర్చోవడం మొదలయ్యాకే అది ఎంత మోతో తెలిసొచ్చింది.

"బావా, ఆపరేషన్ నీకిష్టమేనా?" అని అరిచేవాడిని. సాంచాల మధ్య బతికిన వాళ్లకు చెవులు సగమే పనిచేస్తాయి, అరవక తప్పదు. అద్దంలో ఆయన పెదవులు కదిలేవి. చాలాసేపు కదిలేవి.

"ఏమంటుండు అక్కా?"

"చేయించుకుంటడట. నువ్వు ముంగట సూసి నడుపు, లారీ అస్తంది."

ప్రతిసారీ ఇదే జవాబు. అంతసేపు కదిలిన పెదవులకు ఇంత చిన్న మాటేనా అనిపించేది.

అక్కకు పెదవులు చదవడం వచ్చు. అది చదువుకుని నేర్చింది కాదు. సాంచాలు నడుస్తున్న షెడ్డులో పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకే అక్కడ ఎవరూ గొంతు పెట్టరు. పెదవులు కదిపి, చెయ్యి ఊపి మాట్లాడుకుంటారు. అరిచేవాడిని చూసి కొత్తోడని నవ్వుతారు. అక్క అదే షెడ్డులో దారం కండెలు చుట్టేది. వాళ్ల సంసారంలో సగం మాటలు చప్పుడు లేకుండానే నడిచాయి. నాకు ఆ విద్య రాదు. పైగా బండి నడిపేవాడు రోడ్డు చూడాలి.

ఇంటి దగ్గర అడుగుదామంటే గోడ అవతలే సాంచాలు. చూడవచ్చిన చుట్టాలు ఒకవైపు, ఆయనను వదలని అక్క ఒకవైపు. రాసి చెప్పమందామంటే బావ చదువు సంతకం దగ్గరే ఆగింది. ఒకరి మాటను ఇంకొకరి నోట విని రాయొద్దని పత్రికలో చేరిన కొత్తలో మా పెద్దలు తిట్టి మరీ నేర్పారు. గొంతు పోయేది బావకు. ఆ మాట ఆయన నోటనే వినాలనుకున్నాను. మిగిలింది కారు ఒక్కటే.

కోరుట్ల మెకానిక్ నాకు పాత పరిచయం. ఇంట్లో ఉర్దూ, షెడ్డులో తెలుగు. నేను అడిగింది విని నవ్వాడు.

"డీజిల్ బండికి సప్పుడు తగ్గించుడేంది సార్? సప్పుడు లేకుంటె బండి ఆగిపోయిందనుకుంటరు."

"నవ్వకు భాయ్. ఎనుక కూసున్న మనిషి మెల్లగ మాట్లాడినా నాకు ఇనవడాలె."

"ఎవలు, భాబీనా? గట్లయితే సప్పుడు ఉంచుకోండ్రి. మీకే మంచిది."

విషయం చెప్పాను. చేతులు తుడుచుకుంటున్నవాడు ఆగాడు. "తౌబా," అని బానెట్ ఎత్తాడు.

మొదట సైలెన్సర్ అన్నాడు. జాయింటు దగ్గర పొగ కారుతోందని కొత్త వాషర్ వేసి వెల్డింగ్ చేశాడు. బయట నిలబడిన వాళ్లకు మోత తగ్గింది. లోపల కూర్చున్న మాకు ఎప్పటిలాగే ఉంది.

మరుసటిసారి సిరిసిల్ల పోయినప్పుడు, చప్పుడు తగ్గించే తిప్పలు పడుతున్నానని అక్కతో అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆమె తన లెక్కలో ఆమె సంబరపడింది.

"మంచిదే తమ్మీ. జెర నిద్రన్న పోతడు పాపం," అని లోపలినుంచి ఒక బస్తా లాక్కొచ్చింది. నిండా సాంచాల మీద మిగిలిన బట్ట ముక్కలు. సిరిసిల్లలో ఏ సందు కనిపించినా బట్ట ముక్కే మందు. కిటికీలో చలిగాలికి అదే, ఊగే బల్ల కాలి కిందా అదే. "గింత బట్ట ఇంట్ల పడి ఉండంగ దుకాన్ల తెచ్చుడెందుకు?" అంటూ మ్యాట్ల కింద తనే పరిచింది. ఇంజన్‌కూ మన కాళ్లకూ మధ్య ఉండే రేకు పక్కన నేను కుక్కాను. ఇద్దరిలో ఒక్కరికీ అది పాలిస్టర్ అని తట్టలేదు.

వేములవాడ దాకా నిజంగానే కాస్త నెమ్మదించింది. ఊరు దాటాక కాలిన వాసన. బానెట్ ఎత్తితే బట్ట కరిగి వేడి పైపు మీద బెల్లం పాకంలా సాగుతోంది. అది గీకి, చల్లార్చి, కరీంనగర్ చేరేసరికి డాక్టర్ వెళ్లిపోయాడు. తిరుగు దారంతా బావ పొట్ట కదిలేలా నవ్వాడు. ఆ నవ్వుకూ చప్పుడు లేదు.

"గిది బండా, పెండ్లి మంచమా సార్?" అన్నాడు మెకానిక్, నల్లగా పెళుసెక్కిన గుడ్డను పటకారుతో పీకుతూ. "నిప్పు పక్కన పాలిస్టర్ పెడ్తరా ఎవలన్న?"

ఈసారి బానెట్ ఎత్తే ఉంచి స్టార్ట్ చేయమన్నాడు. ఇంజన్ కట్టేసిన పొట్టేలులా ఎగిరిపడింది. "అరె, మొన్న నేను గుడ సూడలె," అన్నాడు. ఇంజన్ కింద పెట్టే రబ్బరు దిమ్మలు చీలి అణిగిపోయాయి. ఇనుము ఇనుము మీదే కూర్చుంది. ఆ అదురు బాడీ అంతా పాకి సీట్లలోకి, కాళ్లలోకి వస్తోంది. దిమ్మలు మార్చాడు. వైర్లు, పెడళ్లు లోపలికి వచ్చే బొక్కలకు రబ్బరు మూతలు వేశాడు. బానెట్ లోపలి ఫెల్ట్‌ను ఎలుకలు ఎప్పుడో తినేశాయి. వేడికి కాలకుండా వెండి కాగితం అంటించిన కొత్త ఫెల్ట్ బిగించాడు. డోర్ల రబ్బర్లు మార్చి, మ్యాట్ల కింద మందపాటి ఫెల్ట్ పరిచాడు. మెట్‌పల్లి వైపు కొంత దూరం పోయి తిరిగొచ్చాం.

"ఇగ సూడుండ్రి సార్. ఇండికేటర్ టిక్కుటిక్కు ఇనవడ్తంది."

నిజమే. ఆ కారుకు అలాంటి చప్పుడొకటి ఉందని నేను మరిచిపోయాను.

ఆ తర్వాతి ప్రయాణం దవాఖానలో చేరడానికే. అక్క బట్టల సంచి, దుప్పటి, స్టీలు గ్లాసు సర్దుకుంది. సిరిసిల్ల దాటాక అడిగాను. అంతగా అరవాల్సిన పని లేకపోయింది.

"బావా, ఇష్టమేనా?"

పెదవులు కదిలాయి. చెవులు రిక్కించాను. ఇండికేటర్ వేస్తే టిక్కుటిక్కు వినపడేంత నిశ్శబ్దం. ఒక్క మాట రాలేదు, గాలి చప్పుడైనా రాలేదు.

"చేయించుకుంటడట," అంది అక్క.

గొంతు అప్పుడే పూర్తిగా పోయిందనుకున్నాను. అద్దం కొంచెం కిందికి వంచితే ఆయన కాళ్లు కనిపించాయి. చెప్పులు విడిచి, అరికాళ్లు మ్యాట్ మీద ఆనించి కూర్చున్నాడు. ఎంత రబ్బరు వేసినా ఇంజన్ ఇంజనే, అదురు కొంత మిగిలే ఉంటుంది. సాంచా నడుస్తోందని ఆయనకు అరికాళ్లే చెబుతున్నాయి. సాంచా నడుస్తుంటే ఆయన గొంతు పెట్టడు. జన్మలో ఎన్నడూ పెట్టలేదు.

మిడ్ మానేరు నీళ్లు కనిపించే చోట బండిని పక్కకు తీసి తాళం తిప్పాను.

"గిక్కడెందుకు ఆపినవ్? ఆలస్యమైతది," అంది అక్క.

బావ తలెత్తాడు. కాళ్లు కదిపి చూసుకున్నాడు.

"దారం తెగిందా?" అన్నాడు, నడుస్తున్న సాంచా ఆగినప్పుడు అడిగినట్టే.

గీరుకుపోయిన గొంతు. అయినా గొంతే. నెలల తర్వాత విన్నాను.

"తెగలె బావా. నీ మాట ఇందామని ఆపిన. ఆపరేషన్ నీకిష్టమేనా?"

అక్క కిటికీ వైపు తిరిగింది. ఆయన గుటక వేయడానికి కొంతసేపు పట్టింది.

"గొంతు పోతే మీ అక్కను ఎట్ల పిలువాలె? దారి పొడుగునా గిదే అడుగుతున్న. చెప్తలేదు."

"నువ్వు నన్నెన్నడు పిలిచినవయ్యా?" అక్క గిర్రున తిరిగింది. "చెయ్యి ఊపుడే గద. పెండ్లయిన కాంచి ఊపుతనే ఉన్నవ్."

"షెడ్డుల కరెంటు పోయి సాంచాలు ఆగినప్పుడు పిలిచిన."

నీళ్ల మీద కొంగలు లేచి మళ్లీ వాలాయి.

"పిలిచినవ్," అంది అక్క. తర్వాత నా వైపు చూడకుండా, "వద్దంటడేమోనని నీకు చెప్పలె తమ్మీ. వద్దంటె నేనేం జెయ్యాలె?"

"వద్దనలె," అన్నాడు బావ. "అడిగిన. గంతే."

తర్వాత ఆమెను పేరు పెట్టి పిలిచాడు. ఒక్కసారే. పక్కనే కూర్చున్న మనిషిని, షెడ్డు అవతల ఉన్నదాన్ని పిలిచినట్టు పిలిచాడు. ఆమె "ఊ" అంది.

తాళం తిప్పాను. ఆయన అరికాళ్లు మళ్లీ మ్యాట్ మీద ఆనాయి. అద్దంలో పెదవులు కదిలాయి. పోనియ్, అన్నాడు. అక్కను అడగలేదు. ఆ ఒక్కటి నేనే చదువుకున్నాను.

ఆపరేషన్ అయింది. గొంతులో రంధ్రంతో ఒక ఎండాకాలం, ఒక వానాకాలం బతికాడు. తర్వాత జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగింది. మాట పోయినందుకు ఆ ఇంట్లో అందరికంటే తక్కువ ఇబ్బంది పడింది వాళ్లిద్దరే.

ఇప్పుడు అక్క అప్పుడప్పుడు నాతో జగిత్యాల వస్తుంది. వెనక సీట్లో తన మూలనే కూర్చుంటుంది. మొన్న వేములవాడ దాటాక అంది:

"గిదేం బండి తమ్మీ, సప్పుడే లేదు, బొందల పెట్టి పూడ్చినట్టున్నది. జెర అద్దాలు దించు."

దించాను. లారీల మోత, గాలి హోరు లోపలికి కొట్టాయి. ఏమన్నా అడుగుతోందేమోనని అద్దంలోకి చూశాను. ఆమె పెదవులు కదులుతున్నాయి. నాతో కాదు.