మస్తాన్ కోసం షాకులు పొడిగించిన రోజు

నా స్నేహితుడు మస్తాన్‌కి పొట్ట ఆపరేషన్ చేసిన డాక్టరు నన్ను పక్కకు పిలిచి, జబ్బు ఇక నయం కాదని చెప్పాడు. అది వాడికీ తెలుసు. గుంటూరు బ్రాడీపేటలో వాళ్లక్క ఇంట్లో మంచం మీద ఉన్న వాడిది ఒకటే పట్టు: పర్చూరు అవతలున్న తన మిరపచేను చూడాలి. పైరుకు నల్ల తామర పురుగు పట్టిందని ఊళ్లో ఉన్న భార్య షాహిదా ఫోన్లో చెప్పింది. ఉంచాలా, పీకాలా అనేది ఎవరూ తేల్చలేకపోతున్నారు.

తుఫాను వానకు చేనికి పోయే నల్లరేగడి డొంకలో కార్లు దిగబడుతున్నాయి. మిగిలింది మేమిద్దరం కలిసి కొన్న పికప్. బురదలో బండి అడుగు తగలకుండా కిందటేడు దాన్ని ఎత్తు చేయించాం గానీ, షాక్ అబ్జార్బర్లు పాతవే ఉంచాం. ఆ ఎత్తుకు వాటి పొడవు చాలదు. చక్రం గుంటలో దిగినప్పుడల్లా షాక్ పూర్తిగా సాగిపోయి, ఠక్కుమని బండి మొత్తాన్ని విదిలిస్తుంది. పచ్చి కుట్ల మనిషి దాన్ని తట్టుకోలేడు.

పొడవు షాకులు ఆ వారం దొరకలేదు. అందుకని పొద్దున్నే మా ప్రత్తిపాడులో శ్రీను వెల్డింగ్ షెడ్డుకు బండి తీసుకెళ్లాను. మందపాటి ఇనుప పలక కోసి, వంచి, ఇద్దరం బ్రాకెట్లు తయారు చేశాం. షాక్ పైకొన ఇదివరకు ఉన్న చోట ఒక బోల్టు, బండి చట్రం ఛాసిస్‌కి ఇంకోటి, షాక్ తగిలించడానికి నాలుగు వేళ్ల కిందుగా కొత్త పిన్ను. అలా పైకొన కిందికి దిగితే పాత షాకు పొడవే సరిపోతుంది.

"ఒక్క బోల్టయితే ఊగుద్దండి. రెండుంటేనే గట్టిగా నిలబడుద్ది," అన్నాడు శ్రీను. ఇనుముకీ పనికీ కలిపి కొత్త షాకుల ధరలో పావు వంతయింది.

మధ్యాహ్నం మస్తాన్‌ని దిండ్ల మధ్య కూర్చోబెట్టుకుని బయలుదేరాను. పెదనందిపాడు మీదుగా పర్చూరు రెండు గంటల దారి. ఆకాశం మూసుకునే ఉంది. తడిసి నల్లబడ్డ పత్తి చేలను చూస్తూ కూర్చున్నాడు వాడు.

డొంకలో మొదటి గుంట రాగానే వేగం బాగా తగ్గించాను. బండి మెల్లగా దిగి, మెల్లగా లేచింది.

"ఏరా, నొప్పిగా ఉందా?"

"నన్ను చూడమాకు. దారి చూడరా."

చేను గట్టు మీద షాహిదా నిలబడి ఉంది. మస్తాన్ నా భుజం పట్టుకుని దిగి, ఒక పువ్వు తుంచి అరచేతిలో దులిపాడు. సన్నటి నల్ల పురుగులు పాకాయి. ఇంకో సాలులోనూ అంతే.

"పీకించెయ్," అన్నాడు భార్యతో. "ఇంక మందు కొట్టమాక. శనగ వెయ్యి."

"ఇంకో వారం చూద్దామండీ," అంది షాహిదా ఏడుస్తూ.

"నేను చూశాగా."

ఆ వారమే షాహిదా మొక్కలు పీకించింది. శనగ మొలకెత్తే నాటికి మస్తాన్ లేడు. కడసారి చేను చూసుకోవడానికి వస్తున్నాడనుకున్నాను నేను. తను పోయాక పీకించాలన్న నిర్ణయం షాహిదా ఒక్కతే తీసుకోవాల్సి వస్తుందని, ఆ మాట తనే చెప్పడానికి వచ్చాడని తర్వాత అర్థమైంది.

ఇలాంటి బ్రాకెట్లు వేయించేవాళ్లకు ఒక మాట: మొదటిసారి గతుకుల దారి దాటగానే ఆగి, బోల్టులన్నీ మళ్లీ బిగించండి. కొత్త ఇనుము సర్దుకుని వదులవుతుంది. ఆ రోజు షాహిదా కూడా మాతో గుంటూరు బయలుదేరింది; తిరుగు దారిలో మేం పర్చూరులో ఆగాం. మస్తాన్ షాహిదా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. లేస్తాడేమోనని పానా చప్పుడు కాకుండా ఒక్కో బోల్టూ నెమ్మదిగా బిగించాను.