కొలత తీసుకోని చొక్కా

నేను ప్రేమకథలు రాసి బతికే మనిషిని. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వెనక వీధిలో మా ఇల్లు. మొదట్లో వారపత్రికలకు రాసేదాన్ని. అవి ఒక్కొక్కటే మూతపడ్డాక ఫోన్లో చదివే యాప్‌కు రాస్తున్నాను, వారానికి రెండు భాగాలు. మా ఆయన జిరాక్స్ దుకాణానికి పోయాక మధ్యాహ్నం మూడింటిదాకా ఇంట్లో నేనొక్కదాన్నే.

ఇన్ని ప్రేమలు ఎక్కడినుంచి వస్తాయని చాలామంది అడుగుతారు. సగం బస్సుల్లోంచే వస్తాయి. గిద్దలూరులో మా అక్క ఉంటుంది, నెలకోసారి పోయి వస్తాను. వినపడిన మాటలు చిన్న నోటుపుస్తకంలో ఎక్కించుకుంటాను. నిండిన పుస్తకాలను అట్టపెట్టెలో పడేస్తాను. మళ్ళీ తెరిచేది తక్కువ. ఒకసారి రాసిందేదీ ఎక్కడికీ పోదని నా నమ్మకం.

పోయిన ఎండాకాలం మొదలుపెట్టిన నవల మాత్రం నాకే భయం పుట్టేటట్టు వచ్చింది. మామూలుగా ఒక భాగానికి మూడు రోజులు పడుతుంది. కొట్టేస్తాను, దిద్దుతాను, మాటలు పైకి చదువుకుని నోరు తిరక్కపోతే మారుస్తాను. ఇది అట్లా కాదు. పెన్ను పెడితే చాలు, వాక్యం ముందే సిద్ధంగా ఉన్నట్టు దిగేది. కంభంలో బట్టలు కుట్టే అమ్మాయి కథ. కుట్టుమిషన్లు బాగుచేయడానికి పక్క ఊరి నుంచి వచ్చే మనిషి మీద ఆమెకు ఇష్టం. ఆ మాట చెప్పలేక, టేపు పట్టకుండా, కంటికొలతతోనే అతనికి చొక్కా కుట్టి ఇస్తుంది. అది అతనికి అతికినట్టు సరిపోతుంది. ఆ అధ్యాయం రాస్తుంటే వంటింట్లో మిషన్ తొక్కుతున్న చప్పుడు వినిపించింది. మా ఇంట్లో మిషన్ లేదు. లేచి వెళ్ళి చూశాను. కుళాయి కూడా కట్టేసే ఉంది. తిరిగొచ్చి కూర్చుంటే చప్పుడు మళ్ళీ మొదలైంది. నేను రాయడం ఆపలేదు.

పన్నెండో భాగం వెళ్ళిన మర్నాడు ఒక అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, మాది కంభం. మా ఆపా మీకెట్ల తెలుసు?"

ఆపా అంటే వాళ్ళింట్లో అక్క. నాకు కంభంలో ఎవరూ తెలియదని, అది కల్పించిన కథేనని చెప్పాను.

"చొక్కా సంగతి మా ఇంట్లో నాకూ మా ఆపాకూ తప్ప ఎవరికీ తెల్దు మేడమ్. ఆమె పోయి మూడేండ్లయింది."

"పోయిందంటే?"

"ఇంట్లోనించి పోయింది. చెప్పకుండా. మా అమ్మీకి మీ కథ నేనే చదివి వినిపిస్తా. ఆమె మిమ్మల్ని చూడాలంటాంది."

మా ఆయనకు చెప్తే వద్దన్నాడు. రెండు రోజులు ఆగి బస్సెక్కాను.

అమ్మాయి స్టాండులో ఎదురొచ్చింది. సందులో చివరి ఇల్లు. గడప దాటి లోపలికి అడుగుపెట్టి నిలబడిపోయాను. గోడవారగా కుట్టుమిషన్. తొక్కే పలకకు నీలం గుడ్డ చుట్టి ఉంది, వట్టి కాళ్ళకు ఇనుము కొట్టుకోకుండా. నేను మూడో భాగంలో రాసింది అదే, ఆ రంగుతో సహా.

వాళ్ళమ్మ మంచం మీద కూర్చుని ఉంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పు బేటీ. తర్వాత ఏమాయె?"

"అమ్మా, అది కథ. నాకు తెలియదు."

"ఇంతదాకా తెలిసినాది కదా. కొంచెం కూడ తెలిసే ఉంటాది." ఆమె గొంతులో కోపం లేదు. దుకాణంలో సరుకు అడిగినంత మామూలుగా అడిగింది. "చెరువుకాడికి పోయిందా, అదొక్కటి చెప్పు చాలు."

అమ్మాయి తలవంచుకుని చెప్పింది. మూడు రోజులు చేపలు పట్టేవాళ్ళను పిలిచి చెరువంతా వెతికించారంట. అప్పటినుంచి వాళ్ళమ్మ చెరువు చేప ఇంట్లోకి రానివ్వదంట. నేను ఎవరితోనూ అనని సంగతి ఒకటుంది. నా నవల చివరి అధ్యాయం అప్పటికే రాసి పెట్టుకున్నాను. అందులో ఆ పిల్ల చెరువుకట్ట మీద నడుచుకుంటూ పోతుంది, తిరిగి రాదు.

"పోలేదు," అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకు తెలియదు.

ఈ కథ ఎప్పుడైనా ఏ బస్సులోనో విని రాసుకున్నానేమోనని, ఇంటికి రాగానే అట్టపెట్టె బోర్లించాను. నాలుగు మధ్యాహ్నాలు వెతికితే దొరికింది. నా చేతిరాతే. "కంభంలో ఎక్కింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఒళ్ళో సంచి." కింద ఆమె మాటలు:

"ఆయన కోసం కాదక్కా పోయేది. ఆయనకు పెండ్లయిపాయె. ఆ చొక్కా ఏసుకునే పెండ్లాంతో మా ఇంటికి విందుకొచ్చినాడు. మిషన్ చెడిపోతే మళ్ళీ ఆయన్నే పిల్సాల. కొలత లేకుండ కుట్టినా అక్కా, ఒక్క కుట్టు ఇప్పలేదు. ఆ ఊర్లో ఉండలేను."

ఇంకా ఉంది. గిద్దలూరులో దిగి నంద్యాల బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగిందట. నేను చూపించానట. ఏం రాసుకుంటున్నావక్కా అని అడిగితే సరుకుల చీటీ అన్నానట. పేజీ అడుగున గీత గీసి రెండు మాటలు: "బాగుంది. వాడుకోవచ్చు."

అందులో ఒక్క నిమిషం కూడా నాకు గుర్తులేదు. ఆమె ముఖం గానీ, గొంతు గానీ గుర్తురాలేదు. ఒక మనిషి ఇల్లు విడిచి పోతూ నాతో చెప్పుకుంటే, నేను మాటలు తీసుకుని మనిషిని వదిలేశాను. పుస్తకం అటూ ఇటూ తిప్పి ఇంకొకటి వెతికాను. నీలం గుడ్డ ప్రస్తావన ఎక్కడా లేదు. అది నాకెట్లా తెలిసిందో ఈరోజుకీ చెప్పలేను.

ఆ పేజీ చించుకుని మళ్ళీ కంభం పోయాను. అమ్మాయి వాళ్ళమ్మకు చదివి వినిపించింది. "వాడుకోవచ్చు" దగ్గర ఆగి నా వైపు చూసింది. చదవమన్నాను. చదివింది.

ముసలామె "బస్సెక్కినాది," అంది. "నీళ్ళల్లోకి పోలేదు."

"నన్ను క్షమించమ్మా. నేను ఒక్కమాట అడిగుంటే..."

"అడిగితే మాత్రం నిలబడుతాదా బేటీ. మా పిల్ల మొండిది." ఆమె లేచి తలుపు పక్కన చెప్పులు వెతుక్కుంది. ఎక్కడికమ్మీ అని కూతురు అడిగితే, చేపల బజారుకు అంది. మూడేళ్ళలో ఆ పని మీద ఆమె గడప దాటడం అదే మొదలని అమ్మాయి తర్వాత చెప్పింది.

నవల చివరి అధ్యాయం చించేశాను. పిల్ల బస్సు మెట్టు ఎక్కేదగ్గర ఆపేశాను. పాఠకులు తిట్టారు, యాప్‌వాళ్ళు పొడిగించమన్నారు. పెన్ను పెట్టి చూశాను కానీ ఒక్క వాక్యం దిగలేదు. మిషన్ చప్పుడు కూడా ఆగిపోయింది.

ఆ అమ్మాయి అక్క ఫోటో పట్టుకుని నంద్యాల పోయింది. రెండోసారి పోయినప్పుడు ఒక టైలరు గుర్తుపట్టాడు. ఏడాదిన్నర అక్కడే జాకెట్లు కుట్టిందట, పని శుభ్రమట, తర్వాత కర్నూలు వైపు పోయిందట. అంతవరకే దొరికింది.

"బతికుంది మేడమ్," అని ఫోన్లో చెప్పింది. "అమ్మీ మీకు చెప్పమన్నాది. ఇంకోటి కూడ అడగమన్నాది."

"ఏందమ్మా?"

"ఆపా ఆరోజు బస్సులో ఏమన్నా తినిందా అని."

నోటుపుస్తకంలో లేదు. తెలియదని చెప్పాను. ఈసారి కల్పించలేదు.