నేను కట్టిన మా నాయన వేషం

నా చిన్నప్పుడు నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఇప్పుడు మాత్రం నిలుస్తుందా! మా మనవరాలి బడిలో కుర్చీ వేసి కూర్చోమంటే పట్టుమని పది నిమిషాలు కూర్చోలేను. నాటకాలు వేసినవాణ్నని ఆ బడివాళ్లే మొన్న నన్ను పిలిచి, మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలకి కాస్త నటన నేర్పమని అడిగారు. అడిగినవాళ్లు ఊరుకోక చేతిలో డైలాగుల కాగితం కూడా పెట్టారు. నాకు ఒళ్లు మండింది. ఆ వయసు పిల్లలకి కాగితం ఎందుకండీ? పొద్దున లేచింది మొదలు వాళ్లు మనల్నే చూస్తుంటారు. ఈ సంగతి నాకు నాలుగేళ్లప్పుడు తిరుపతి గంగమ్మ జాతరలో తెలిసింది.

ఆ ఎండాకాలం మా అమ్మ ఇంట్లో లేదు. నాయనతో మాటా మాటా పెరిగి గూడూరులో పుట్టింటికి వెళ్లిపోయింది. నన్ను తీసుకుపోతానంటే నాయన పంపలేదట. అది నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా అమ్మ లేదని, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరని. వీధిలో రిక్షా గంట మోగితే చాలు, పరుగెత్తేవాణ్ని. రెండు ముద్దలు తిని మళ్లీ గడప దగ్గరికి. "కాలుగాలిన పిల్లి మాదిరి ఏందిరా ఆ తిరుగుడు! ఒక పక్కన కూసోరా," అని మా అవ్వ కసిరేది.

నాయన తీరు కూడా అంతే. ఆయనది బట్టలు కుట్టే అంగడి. మిషను ముందు కూర్చునేవాడు, అంతలోనే లేచి వాకిట్లో నిలబడి స్టేషను దారి వైపు చూసేవాడు, మళ్లీ వచ్చి కూర్చునేవాడు. చూడ్డమే కానీ వెళ్లి పిలుచుకొచ్చేవాడు కాదు. మగవాడి పంతం, ఏం చెప్పమంటారు!

ఇంతలో జాతర వచ్చింది. నాకు అంతకుముందు అమ్మోరు పోసినప్పుడు, బిడ్డ బతికితే బండ వేషం వేయిస్తానని అవ్వ మొక్కుకుంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. బండ వేషమంటే ఒళ్లంతా కుంకుమ పూసుకుని, మెడలో పూలదండలు వేసుకుని, చేతిలో వేపమండ పట్టుకుని వీధులు తిరగడం. ఎదురైనవాళ్లని నోటికొచ్చినట్టు తిట్టొచ్చు. ఆ తిట్లంటే గంగమ్మకు ఇష్టమని మా వాళ్ల నమ్మకం. తిట్లు తిన్నవాళ్లు కోపం తెచ్చుకోకూడదు, చేతులెత్తి మొక్కాలి.

నాకు వేషం కట్టింది పక్కింటి అక్క. ఆమె చిన్నపిల్లల బాలవాడి నడిపేది. కుంకుమ పూసినంతసేపూ నేను మెలికలు తిరుగుతూనే ఉన్నాను. తిట్టమంటే తిట్లు రాలేదు. కుక్కా, కోతీ అని గొణిగాను. అక్క నవ్వింది.

"అట్లా కాదురా అబ్బోడా. నీకు బాగా తెలిసినోళ్లు ఎవురన్నా తిట్టేది సూసుంటావు కదా? వాళ్లు యాడ సూస్తారో ఆడ సూడు. చెయ్యి యెట్లా తిప్పుతారో అట్లా తిప్పు. కొంచేపు నువ్వు వాళ్లయిపో."

ఆ తర్వాత నటన గురించి పెద్దపెద్దవాళ్లు చెప్పగా విన్నాను. అంతకన్నా మంచి మాట ఎవరూ చెప్పలేదు.

వీధిలో మేకని తిట్టాను, పాలాయన్ని తిట్టాను. అందరూ పడీపడీ నవ్వి మొక్కారు. అన్ని అంగళ్లుండగా అక్క నన్ను తిన్నగా నాయన అంగడి ముందుకే ఎందుకు తీసుకుపోయిందో ఆమెకే తెలియాలి. జాతర బట్టల కోసం లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. "వేలెడంత లేడు, ఏం తిడతాడో సూడప్పా!" అని ఎవరో అన్నారు.

నేను నాయన ముఖంలోకి చూశాను. నా మెడలో లేని టేపును సర్రున లాగి నేలకేసి కొట్టాను. కోపమొస్తే ఆయన చేసే పని అదే. "అచ్చం నువ్వేనప్పా!" అని జనం గొల్లుమన్నారు. నేను గొంతు పెంచాను.

"నా ఇంట్లో నాకే ఎదురు చెప్తావా? పో! గూడూరికే పో! నువ్వు లేకపోతే ఈడ ఏడ్చేవోళ్లు ఎవురూ లేరు!"

నవ్వులు ఆగిపోయాయి. ఆ మాటలు ఎవరు ఎవరితో అన్నవో అక్కడున్న అందరికీ అర్థమైంది. నేనేం బయటపెట్టానో నాకొక్కడికే అర్థం కాలేదు. అయినా ఆ చివరి మాట అనేసరికి తట్టుకోలేకపోయాను. వేషం నిలవలేదు. అమ్మా అని బావురుమన్నాను. కుంకుమ కళ్లలోకి దిగి మంట పుట్టింది.

నాయన లేచాడు. కొడతాడనుకున్నాను. అక్క నా ముందుకు రాలేదు, వెనక్కీ లాగలేదు. "వేషానికి మొక్కల్ల అన్నా," అంది అంతే. నాయన రెండు చేతులూ ఎత్తి నాకు మొక్కాడు.

తర్వాత అంగడికి తలుపులు వేసేశాడు. "నా రవిక సంగతేందప్పా?" అని ఎవరో అరుస్తున్నా వినిపించుకోకుండా స్టేషనుకి నడిచాడు. మర్నాడు అమ్మ వచ్చింది. నా చెవుల వెనక మిగిలిన కుంకుమను కొంగుతో తుడిచింది. వాళ్లిద్దరూ ఏమనుకున్నారో నాకు తెలియదు. ఆ రాత్రి మాత్రం నేను గడప దగ్గరికి పోలేదు.

ఆ దెబ్బతో నాయన కోపం పోయిందంటే అబద్ధమాడినట్టే. పోలేదు. కానీ నోరు తెరవబోయేముందు నేను ఎక్కడున్నానో ఒకసారి చూసేవాడు. చూశాక సగం మాటలు ఆయన నోట్లోనే ఆగిపోయేవి.

ఆయన కోపం నాకూ వచ్చింది, ఏమాత్రం తక్కువ కాకుండా. గొంతు లేవబోతుండగానే నా కళ్లు ఇల్లంతా తిరిగి పిల్లలెక్కడున్నారో వెతుకుతాయి. ఇంట్లో పిల్లలెవరూ లేని రోజున కూడా వెతుకుతాయి.